మూడూ నేర్పుతానని బోర్డు పెట్టే ముందు పిల్లల శృతి చూడండి

ఉద్యోగం మానేసి ఇంట్లోనే గాత్రం, వయొలిన్, పాట రాయడం మూడింటికీ ప్రైవేట్ క్లాసులు పెడదామనుకుంటున్నాను, ఎలా మొదలుపెట్టాలి, ఫీజు ఎంత తీసుకోవాలి అని మీరు అడిగారు. నేను విజయవాడ సత్యనారాయణపురంలో 19 ఏళ్ళుగా ఇంట్లో పాఠాలు చెబుతున్నాను. మా ఊళ్ళో ఘంటసాల గారి పేరున్న ప్రభుత్వ సంగీత కళాశాలలో సర్టిఫికెట్, డిప్లొమా చేశాను. పాడటం నాకు అక్కడ వచ్చింది. పాఠం చెప్పడం మాత్రం ఒక పిల్లాడి వల్ల వచ్చింది.

వాడు 9 ఏళ్ళప్పుడు నా దగ్గర చేరాడు. నా శృతి ఐదున్నర. శృతి అంటే పాడేటప్పుడు 'స' ఎంత ఎత్తులో పెట్టుకుంటామో ఆ లెక్క; ఒకటి కింద, ఐదున్నర బాగా పైన. చిన్నపిల్లల గొంతు కాబట్టి వాడికీ అదే సరిపోయింది. సరళీ స్వరాలు, జంటలు, అలంకారాలు లాంటి మొదటి పాఠాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో గడగడా పాడేవాడు. నాలుగేళ్ళకి వర్ణాల్లోకి, అంటే ఇంకా కష్టమైన పాఠాల్లోకి వచ్చాడు. ఆ ఏడు దసరాకి గుళ్ళో పాడించాలని నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి వర్ణం పాడిస్తుంటే, సగంలో వచ్చే ముక్తాయి స్వరంలో పై షడ్జం, అంటే పై 'స' దగ్గర వాడి గొంతు చీలిపోయింది. పక్కనున్న ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. నేను అంతకంటే తప్పు పని చేశాను. "సాధన మానేసి ఫోన్ చూస్తున్నావురా, మళ్ళీ పాడు" అని మూడుసార్లు పాడించాను. మూడుసార్లూ అక్కడే విరిగింది. నాలుగోసారి వాడు నోరు తెరవలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "టీచర్ గారూ, ఎనిమిదో తరగతి కదండీ, చదువు ఎక్కువైంది. కొన్నాళ్ళు మానిపిస్తామండీ." ఆ మాట అంతకుముందు కూడా చాలాసార్లు విన్నాను, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రాత్రి పాత హాజరు పుస్తకాలన్నీ తీసి చూశాను. మానేసిన మగపిల్లలు దాదాపు అందరూ 12, 14 ఏళ్ళ మధ్యవాళ్ళే. ఆడపిల్లలకీ అదే స్కూలు, అదే ట్యూషన్, అదే పరీక్షల టెన్షన్. అయినా వాళ్ళు పదో తరగతి దాకా వస్తున్నారు. మగపిల్లలు సంగీతం మానేసేది చదువు వల్ల కాదు, టీచర్లం శృతి మార్చకపోవడం వల్లే. ఈ మాట నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఆ వయసులో స్వరతంత్రులు పొడుగై, మందమై గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే ఏడు స్వరాల మేర కిందికి దిగిపోతుంది. ఐదున్నరలో పాడిన పిల్లాడు చివరికి ఒకటికో ఒకటిన్నరకో చేరతాడు. ఈలోపు కొన్ని నెలలపాటు ఏ శృతీ నిలవదు. అలాంటప్పుడు ఆడ టీచర్లం మన శృతిలోనే పాడమంటే వాడేం చేస్తాడు?

వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ముందే "తప్పు నాదిరా, నీ గొంతుది కాదు" అని చెప్పాను. పాట పక్కన పెట్టి నా పాత వయొలిన్ చేతికిచ్చాను. వారానికొక రోజు మాత్రం పాట రాయడం. నేను "తకిట తకిట తకిట తకిట" అని చేత్తో వేస్తే వాడు దానికి మాటలు కూర్చాలి. మూడో వారం వాడు రాసిన పాదం నాకింకా గుర్తుంది: "నీళ్ళ ట్యాంకు నిండిపోయె, మోటరాపు మామయ్యా!" ఒక్క మాత్ర, అంటే తాళంలో ఒక్క లెక్క కూడా తప్పలేదు. వాడికే ముచ్చటేసి మళ్ళీ మళ్ళీ అన్నాడు. అనగా అనగా అది పాటైపోయింది. ఎక్కడో కింద, రెండు శృతిలో పాడుతున్నాడు. ఆ సంగతి వాడికి తెలియదు. నేనేం మాట్లాడకుండా శృతిపెట్టె రెండుకి తిప్పాను. ఏడాది తిరిగేసరికి ఒకటిన్నరలో వర్ణం మొదటి నుంచి పాడాడు.

అందుకే మూడూ నేర్పండి అంటాను. ఒక దారి మూసుకుపోయినప్పుడు పిల్లలు ఇంకో దారిలో సంగీతంలోనే ఉంటారు. కానీ మూడింటికీ మూడు ఫీజులు వసూలు చేయకండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకి ఆన్‌లైన్‌లో చెబుతారేమో, జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయించండి. లేకపోతే తంబూర నాదాన్ని గదిలో రొద అనుకుని అణిచేస్తుంది. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి కలిసి పాడటం కుదరదు. మీరొక వరస, పిల్లలొక వరస. తాళం వాళ్ళ చేత్తో వాళ్ళే వేసుకోవాలి.

తల్లిదండ్రులతో మాత్రం ఓపిక కావాలి. మూడు నెలల్లో సినిమా పాట, ఆర్నెల్లలో టీవీ పోటీ అంటారు. ఘంటసాల గారు విజయనగరంలో మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటికీ వెళ్ళి అన్నం అడిగి తెచ్చుకుని తింటూ ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. ఆయన పాటలు ఇంట్లో పెట్టుకుని వినేవాళ్ళే, పిల్లలకి సరళీ స్వరాలు ఎప్పుడు అయిపోతాయండీ అని నన్ను అడుగుతుంటే బాధేస్తుంది.

ఫీజు అడిగారు కదా. నేను నెలకి 8 క్లాసులకి 1,500 తీసుకుంటాను, నెల మొదట్లోనే. వాళ్ళు రాని రోజులకి తగ్గించను, నేను చెప్పలేని రోజుకి ఇంకో క్లాసు పెడతాను. గ్రూపులో చెప్పాల్సి వస్తే వయసును బట్టి కాకుండా శృతిని బట్టి కూర్చోబెట్టండి. చేరిన రోజే పిల్లల పుస్తకం మొదటి పేజీలో శృతి, తేదీ రాయండి. మూడు నెలలకోసారి మళ్ళీ చూసి దాని కిందే రాయండి. మగపిల్లాడికి 12 నిండితే ప్రతి నెలా చూడండి.