సమాధానం: చైనాలోని షెంజెన్‌లో విరాళం ఇస్తే పన్ను తగ్గుతుందా?
అన్నా, షెంజెన్‌లో మీ సహోద్యోగి బిడ్డ ఆపరేషన్ కోసం వీచాట్ అనే చాటింగ్ యాప్‌లో వచ్చిన లింకుకు డబ్బు కడితే పన్ను మినహాయింపు వస్తుందా అని అడిగారు కదా. రాదు. అక్కడి చట్టం దాన్ని వ్యక్తిగత సాయంగానే చూస్తుంది. అయినా తెలిసిన కుటుంబమే కాబట్టి ఇవ్వండి, ఆ సమయంలో వాళ్లకి ప్రతి యువాన్ అక్కరకొస్తుంది.

మినహాయింపు కావాలంటే మాత్రం అర్హత ఉన్న ఫౌండేషన్‌కి ఇచ్చి, ప్రభుత్వం నిర్ణయించిన విరాళాల రసీదు అడిగి తీసుకోండి. రసీదులో మీ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. మామూలుగా వ్యక్తులకు పన్ను పడే ఆదాయంలో 30 శాతం వరకు, కంపెనీలకు ఏడాది లాభంలో 12 శాతం వరకు విరాళాన్ని పన్ను లెక్కలో మినహాయిస్తారు. కంపెనీలైతే ఆ పరిమితి దాటిన మొత్తాన్ని తర్వాతి 3 ఏళ్లలో చూపించుకోవచ్చు.

2016 దాతృత్వ చట్టం ప్రకారం బహిరంగంగా చందాలు వసూలు చేయాలంటే అర్హత పత్రం ఉండాలి. పౌర వ్యవహారాల శాఖ నడిపే 'త్సిషాన్ జుంగ్‌గువో' (అంటే 'దాతృత్వ చైనా') సైట్‌లో సంస్థ పేరు కొట్టి చూడండి. కనబడకపోతే పైసా కూడా పంపకండి.