తటస్థం, అలీనం ఒకటేనా?

సందేహం: ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి భారత్ వైఖరిని పత్రికలు ఒకరోజు ‘తటస్థం’ అంటున్నాయి, ఇంకోరోజు ‘అలీనం’ అంటున్నాయి. ‘వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి’ అనే మాటా వినిపిస్తోంది. ఈ మూడూ ఒకటేనా? అటు అగ్రరాజ్యమూ, ఇటు చిన్న దేశమూ కానిదాన్ని ‘మధ్యస్థ శక్తి’ అనవచ్చా?

సమాధానం: ఒకటి కావు. మొదటి రెండింటినీ కలిపేస్తే మన చరిత్రే తప్పుగా అర్థమవుతుంది.

తటస్థుడంటే తటాన, అంటే ఒడ్డున, నిలిచినవాడు. ఏటిలో ఏం జరుగుతున్నా దిగడు. (తెలుగులో ‘తటస్థపడు’ అంటే ఎదురుపడు, సంభవించు అనే అర్థం వచ్చింది. దాని దారి వేరు.) అంతర్జాతీయ న్యాయంలో తటస్థత ఒక హోదా. యుద్ధకాలంలో తటస్థ దేశానికి ఉండే హక్కులను, బాధ్యతలను 1907 నాటి హేగ్ ఒప్పందాలు నిర్ణయించాయి. పోరాడే పక్షాల సేనలను అది తన నేల మీదుగా సాగనివ్వకూడదు. స్విట్జర్లాండ్ తటస్థతను ఐరోపా రాజ్యాలు 1815లో గుర్తించాయి. ఆస్ట్రియా 1955లో చట్టమే చేసుకుంది.

‘అలీనం’ అలాంటిది కాదు. ‘లీ’ ధాతువుకు అంటుకోవడం, కరిగిపోవడం అని అర్థం. లీనం కానిది అలీనం. ఏ కూటమిలోనూ కలిసిపోలేదని మాత్రమే ఆ మాట చెబుతుంది. నోరు విప్పననీ, పక్షం వహించననీ చెప్పదు. స్వేచ్ఛకు, న్యాయానికి ముప్పు వచ్చినచోట భారత్ తటస్థంగా ఉండదని 1949లో అమెరికా కాంగ్రెస్ ఎదుట నెహ్రూ స్పష్టంగా చెప్పారు. 1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టుపై దాడిచేస్తే భారత్ గట్టిగా ఖండించింది. ఇది ఒడ్డున నిలిచినవాడు చేసే పని కాదు. 1971 ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరాక ‘ఇంకా అలీనమేనా?’ అన్న ప్రశ్న వచ్చింది. మాట అర్థం తెలిస్తేనే ఆ ప్రశ్నలోని పదును తెలుస్తుంది.

2022 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి గురించిన తీర్మానం మీద భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఆ ఓటు వరకే మాట్లాడుతూ ‘తటస్థంగా ఉంది’ అంటే తప్పులేదు. విదేశాంగ విధానం మొత్తానికి ఆ పేరు పెట్టడమే తప్పు. క్వాడ్‌లో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కూర్చుంటూ, షాంఘై సహకార సంస్థలో చైనా, రష్యాలతో కూర్చుంటూ, రష్యా నుంచి ఎస్–400 క్షిపణి వ్యవస్థ కొనే దేశాన్ని ఒడ్డున ఉందని ఎలా అంటాం?

ఒక అక్షరం గురించీ చెప్పాలి. కొందరు ‘ఆలీనోద్యమం’ అని దీర్ఘంతో రాస్తున్నారు. ‘ఆ’ ఉపసర్గ చేరితే హత్తుకుపోయినది అని అర్థం తలకిందులవుతుంది. దయచేసి ‘అలీన’ అనే రాయండి.

‘వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి’ నాకు నచ్చదు. స్వయంప్రతిపత్తి గల కళాశాల, స్వయంప్రతిపత్తి గల మండలి అంటాం. పైన ఒక అధికారం ఉండి, దాని కింద కొంత వెసులుబాటు ఉన్నప్పుడే ఆ మాట నప్పుతుంది. సార్వభౌమ దేశానికి అది చిన్న చొక్కా. ‘నిర్ణయ స్వాతంత్ర్యం’ అంటే సూటిగా ఉంటుంది, చదివేవారికి తేలిగ్గా అందుతుంది.

ఈ విధానాన్ని కౌటిల్యుడి ‘ద్వైధీభావం’తో పోల్చేవారున్నారు. ఆ పోలిక కుదరదు. అర్థశాస్త్రంలో దానికి ఒకరితో సంధి, మరొకరితో విగ్రహం, అంటే యుద్ధం, అని అర్థం. ఇద్దరితోనూ పని నడుపుకోవడం కాదు. అదే గ్రంథంలోని ‘మధ్యముడు’ మన విషయానికి ఎంతో దగ్గర. విజిగీషువుకూ, అంటే జయం కోరే రాజుకూ, అతని శత్రువుకూ పొరుగున ఉండి, ఇద్దరికీ సాయపడగలిగి, వారు కలిసి లేనప్పుడు ఎవరినైనా నిలువరించగల రాజు అతడు. మధ్యముడి విలువ రాజ్య విస్తీర్ణంతో రాలేదు, ఆ ఇద్దరికీ అతని అవసరం ఉండటంతో వచ్చింది.

ఇక ‘మధ్యస్థ శక్తి’. తెలుగులో మధ్యస్థం చేయడమంటే తగవు తీర్చడం. ఆ పేరు పెడితే ఆ దేశం రాయబారం నడుపుతోందని పాఠకుడు అనుకుంటాడు. తుర్కియే 2022లో నల్లసముద్రం ధాన్యం ఒప్పందానికి మధ్యస్థం చేసింది, అక్కడ ఆ మాట సరే. బలంలో, స్థాయిలో నడుమ ఉన్నదని చెప్పడానికి మాత్రం ‘మధ్యశ్రేణి దేశం’ అనండి.