కుంభకోణమా? అపవాదా?

సందేహం: న్యూయార్క్ గవర్నరు ఎలియట్ స్పిట్జర్ వేశ్యల వ్యవహారంలో చిక్కుకుని 2008లో పదవి పోగొట్టుకున్న సంగతిపై ఈమధ్య ఒక తెలుగు వ్యాసం చదివాను. అందులో ఒకచోట ‘వ్యభిచార కుంభకోణం’ అనీ, మరొకచోట ‘ఆయన మీద పడిన అపవాదు’ అనీ ఉంది. కుంభకోణమంటే సొమ్ము కాజేయడం, అపవాదంటే అబద్ధపు నింద కదా! ఈ మాటలు ఇక్కడ పొసగుతాయా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: కుంభకోణం సంగతి ముందు తేల్చేద్దాం. అది కావేరీ తీరాన ఉన్న ఊరు. తెలుగు పత్రికల్లో మాత్రం పదిమంది సొమ్ము దిగమింగడమనే అర్థంలో పాతుకుపోయింది. స్పిట్జర్ ప్రభుత్వ ధనాన్ని గాని, ఎన్నికల నిధులను గాని ఇందుకు వాడినట్టు ఆధారాలు లేవని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 2008 నవంబరులో ప్రకటించి, అభియోగం మోపకుండా వదిలేశారు. పరుల సొమ్ము తినని చోట కుంభకోణమనడం మాటను అరగదీయడమే. ఈ వాడుక ఇంకా విస్తరిస్తే రేపటి నిఘంటుకారులు ఒప్పుకోక తప్పదేమో. నేను మాత్రం రాయను.

అపవాదు అంత సులువుగా తేలదు. అప ఉపసర్గ, వద ధాతువు, కించపరుస్తూ పలకడం. ఆ పలికింది నిజమా, అబద్ధమా అన్నది మాటలో లేదు. కాళిదాసును అడుగుదాం. రఘువంశం పద్నాలుగో సర్గలో రాముడు సీత గురించి తమ్ముళ్లతో అంటాడు: ‘అవైమి చైనామనఘేతి కింతు లోకాపవాదో బలవాన్ మతో మే’. ఈమె ఏ పాపమూ ఎరగనిదని నాకు తెలుసు, అయినా లోకాపవాదమే బలమైనదనిపిస్తోంది అని. నిర్మలుడైన చంద్రుడి మీద భూమి నీడను జనం మచ్చగా అంటగట్టలేదా అని కూడా అంటాడు. అపవాదమనే మాటలోనే అబద్ధం ఇమిడి ఉంటే, ‘అనఘ’ అని రాముడి చేత విడిగా చెప్పించవలసిన పని కవికి లేదు. మనమూ ‘లేనిపోని అపవాదు’ అంటున్నాం. అబద్ధమని చెప్పే పని ‘లేనిపోని’ది. అచ్చంగా అబద్ధపు నిందకైతే మనకు నీలాపనింద ఉండనే ఉంది. శ్యమంతకమణి కథ వినే ప్రతి వినాయక చవితికీ అది నోట్లో ఆడుతుంది.

అలాగని మీ చెవిని తప్పుపట్టలేను. నేటి తెలుగులో ‘అపవాదు వేశారు’ అనగానే పాపం, చేయని తప్పు మోపారన్న భావమే ముందు తోస్తుంది. స్పిట్జర్ అలా వాదించలేదు. 2008 మార్చి 10న భార్యను పక్కన నిలబెట్టుకుని కుటుంబానికీ ప్రజలకూ క్షమాపణ చెప్పారు. 12న రాజీనామా ప్రకటించారు. 17న పదవి వీడారు. అటువంటి చోట అపవాదు అని రాస్తే, రచయిత తెలియకుండానే ఆయనను వెనకేసుకొచ్చినట్టవుతుంది.

అయితే అపవాదానికి వ్యాకరణంలో ఇంకో అర్థం ఉంది, ఈ కథకు సరిగ్గా అతికేది అదే. సామాన్య విధి ఉత్సర్గం, దానిని తోసిరాజనే ప్రత్యేక విధి అపవాదం. కాళిదాసుదే కుమారసంభవం రెండో సర్గలో తారకాసురుడి చేత దెబ్బతిన్న దేవతలు బ్రహ్మ దగ్గరికి వస్తారు. ఆయన వారిని పలకరించే తీరు చూడండి:

లబ్ధప్రతిష్ఠాః ప్రథమం యూయం కిం బలవత్తరైః
అపవాదైరివోత్సర్గాః కృతవ్యావృత్తయః పరైః

ముందే ప్రతిష్ఠ పొందిన మిమ్మల్ని, ఉత్సర్గాలను అపవాదాలు తొలగించినట్టు, మీకంటే బలవంతులైన శత్రువులు తొలగించారా? పదవులు పోయి తేజస్సు మాసి నిలబడ్డవారి దీనస్థితిని చెప్పడానికి వ్యాకరణాన్ని పిలిచిన కవి ఈయన. ఈ శ్లోకం నాకు ప్రాణం.

స్పిట్జర్ 1999 నుంచి 2006 దాకా న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్. వాల్ స్ట్రీట్ సంస్థలను గడగడలాడించారు, వేశ్యావృత్తి ముఠాల మీద కేసులు పెట్టారు. గవర్నరయ్యాక 2007లో, వేశ్యల దగ్గరికి వెళ్లే విటులకు శిక్ష పెంచే చట్టం మీద సంతకం చేశారు. మరుసటి ఏడాదే కోర్టు పత్రాలలో ‘క్లయింట్-9’ అని పేర్కొన్న విటుడు ఆయనేనని బయటపడింది. ఉత్సర్గం మీద సంతకం పెట్టిన చేత్తోనే తనను అపవాదంగా లెక్కించుకున్నారు. శాస్త్రంలో అది చెల్లదు. అపవాదాన్ని సూత్రకారుడు పైకి చెప్పాలి, మనసులో దాచుకుంటే విధి ఆగదు.

మరి ఏమనాలి? మాట ఆ శ్లోకంలోనే ఉంది. ప్రతిష్ఠలోది స్థా ధాతువు, గట్టిగా నిలవడం. అది పోతే అప్రతిష్ఠ. ‘వేశ్యాగమనం బయటపడి, అప్రతిష్ఠ పాలై, పదవి పోగొట్టుకున్నారు’ అని రాస్తే ఏ మాటకూ అన్యాయం జరగదు. 2013లో ఆయన న్యూయార్క్ నగర కంప్ట్రోలర్ (ఆర్థిక లెక్కలు చూసే అధికారి) పదవికి డెమోక్రటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో దిగి ఓడారు. పోయిన ప్రతిష్ఠ తిరిగి రాలేదనడానికీ ఆ మాటే పనికొస్తుంది.

ఇక ఆ వ్యాసంలోని ‘వ్యభిచారం’. ఆ మాటకు మూలార్థం దారితప్పడం; తర్కంలో హేతువు, అంటే రుజువుగా చూపే కారణం, దారితప్పడాన్నీ అలాగే అంటారు. డబ్బిచ్చి వెళ్లేదానికి వేశ్యాగమనమే స్పష్టం. వేశ్యను ‘వేష్య’ అని రాయకండి. ‘వేశో వేశ్యాజనసమాశ్రయః’, వేశమంటే వేశ్యలుండే చోటు, అని అమరకోశం. వేశం నుంచి వచ్చింది కాబట్టి తాలవ్య శకారమే, వేషంతో దానికి సంబంధం లేదు.

ఇలాంటి వార్తలకు ‘రాసలీలలు’ అని శీర్షిక పెట్టే అలవాటొకటి పత్రికలకు పట్టుకుంది. భాగవతం దశమ స్కంధం చదివి కన్నీరు పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్న భాష ఇది. ఆ మాటను అక్కడి నుంచి లాక్కొచ్చి హోటల్ గదిలో పడేయడానికి చేతులెలా వస్తున్నాయో నాకు అర్థం కాదు.