డైరెక్ట్, ఇండైరెక్ట్ అసెస్‌మెంట్: కలిపే ముందు విడివిడిగా చూడండి

మీరు అడిగింది ఇది: మార్కులు చేతిలో ఉండగా కోర్స్ చివర్లో పిల్లల్ని అడిగే కోర్స్ ఎండ్ సర్వే ఎందుకు, ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) ఫైల్లో రెండింటినీ 80:20గా ఎందుకు కలపమంటున్నారు అని. ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) పాఠాలు చెబుతూ, డిపార్ట్‌మెంట్‌లో ఎన్‌బీఏ పని కూడా చూసిన అనుభవంతో చెబుతున్నాను.

విద్యార్థి చేసిన పనిని చూసి అతనికి ఏం వచ్చిందో తేల్చుకునేది డైరెక్ట్. కాలేజీలోనే పెట్టే మిడ్ పేపరు, అసైన్‌మెంటు, ల్యాబ్, వైవా, ప్రాజెక్టు, సెమిస్టర్ పరీక్ష ఇందులోకి వస్తాయి. తనకు ఏం వచ్చిందనుకుంటున్నాడో అతన్నే అడిగితే, లేదా పూర్వ విద్యార్థుల్నీ ఉద్యోగాలిచ్చినవాళ్లనీ అడిగితే అది ఇండైరెక్ట్. 2014లో మన దేశం ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం పొందాక ఈ లెక్కలకు ప్రాధాన్యం బాగా పెరిగింది.

డైరెక్ట్‌కు 80 శాతం, ఇండైరెక్ట్‌కు 20 శాతం అన్నది చాలా కాలేజీలు పెట్టుకునే నిష్పత్తి. దానివల్ల ఏం జరుగుతుందో చూడండి. ఒక కోర్స్ ఔట్‌కమ్‌కు (కోర్స్ అయ్యేసరికి పిల్లలకు రావాల్సిన ఒక అంశానికి) 3కి 1.7 టార్గెట్ పెట్టుకున్నాం. పరీక్షల ప్రకారం 1.5 వచ్చింది, అంటే అందలేదు. సర్వేలో పిల్లలు 2.8 ఇచ్చారు. కలిపితే 1.2కి 0.56 చేరి 1.76 అవుతుంది. టార్గెట్ అందినట్టే ఫైల్లో పడుతుంది! పిల్లలకు రానిది రానట్టే ఉంది, మన దిద్దుబాటు పని మాత్రం ఆగిపోయింది. అందుకే ముందు రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడమంటాను. వాటి మధ్య తేడా ఉన్నచోటే మనకు పని ఉంది.

డేటా స్ట్రక్చర్స్‌లో ఏవీఎల్ ట్రీ (అంకెలు చేర్చినప్పుడల్లా రెండు వైపులా సమతూకం సరిచూసుకునే నిర్మాణం) తీసుకోండి. క్లాసులో చేయించిన అంకెలే మిడ్‌లో ఇస్తే దాదాపు అందరికీ మార్కులు పడతాయి. సర్వేలోనూ 'బాగా అర్థమైంది' అని టిక్ పెడతారు. 10, 20, 30 వరసగా చేర్చమంటే ఒక్క రొటేషన్‌తో (తూకం సరిచేసే తిప్పుడుతో) అయిపోతుంది. అదే 30, 10, 20 అని వరస మార్చండి, రెండు రొటేషన్లు కావాలి. అక్కడ ఆగిపోయేవాళ్లను నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. వాళ్లు సర్వేలో అబద్ధం రాయలేదు. చూసిన లెక్క వచ్చింది కాబట్టి వచ్చిందనే అనుకున్నారు. డైరెక్ట్ అన్నంత మాత్రాన అది నమ్మదగిన కొలత అయిపోదు, ప్రశ్న కొత్తదై ఉండాలి.

అఫిలియేటెడ్ కాలేజీ (యూనివర్సిటీకి అనుబంధమైనది, చివరి పరీక్ష యూనివర్సిటీదే) అయితే ఇంకో చిక్కుంది. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్20 రెగ్యులేషన్లలో ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఆ 70లో ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు వచ్చాయో కాలేజీకి తెలియకపోతే, మొత్తం మార్కునే అన్ని ఔట్‌కమ్‌లకూ ఒకేలా వేసేస్తారు. ట్రీస్ రానివాడికీ, సార్టింగ్ రానివాడికీ అదే అంకె పడుతుంది. అప్పుడు ఏ అంశం దగ్గర తడబడుతున్నారో చూపించేది మిడ్ పేపరూ ల్యాబూ మాత్రమే. కాబట్టి మిడ్ ప్రశ్నలు ఏ ఔట్‌కమ్ కోసమో ముందే అనుకుని పేపరు తయారుచేయండి. పరీక్ష అయ్యాక మ్యాపింగ్ కాలమ్ (ఏ ప్రశ్న ఏ ఔట్‌కమ్‌కో రాసే గడి) నింపితే ఆ లెక్కకు అర్థం లేదు. ప్రాజెక్టుకైతే రూబ్రిక్‌లో (మార్కులు వేసే పట్టికలో) డిజైన్, టెస్టింగ్, రిపోర్టు, మాట్లాడే తీరు విడివిడిగా వేయండి. 'ప్రాజెక్టుకు 85' అన్న మార్కు చూసి ఏం సరిదిద్దుతాం?

మరి సర్వే దేనికంటే, పేపరు చెప్పలేని కారణాలు అది చెబుతుంది. మార్కులు తగ్గాయని పేపరు చెబుతుంది. ల్యాబ్ సెషన్ థియరీ కంటే ముందు నడిచిందనో, మూడో యూనిట్ చివర్లో పరుగెత్తించారనో పిల్లలే చెప్పాలి. 1, 2, 3 టిక్కులతో ఇది బయటికి రాదు. 'ఏ అంశం మళ్లీ చెప్పించుకోవాలని ఉంది, ఎందుకు?' అని ఒక్క ఖాళీ ప్రశ్న పెట్టండి. పేరు అడగకండి. హాల్ టికెట్లు గానీ, నో డ్యూస్ గానీ ఇచ్చే రోజున నింపించొద్దు, ఆ క్యూలో అందరూ 3 కొట్టి వెళ్లిపోతారు. నేనైతే రెండో మిడ్ పేపర్లు దిద్ది ఇచ్చిన మరుసటి క్లాసులో చేయిస్తాను. పేపరు చేతిలో ఉంటుంది, ఏది తప్పిందో కళ్లెదుటే ఉంటుంది, ఆ రోజు రాసే జవాబులు వేరేగా ఉంటాయి.