కారులో కంప్యూటర్ ఆగిపోయింది: బాధ్యత బోర్డు అమ్మినవారిదా, బిగించినవారిదా?

ప్రశ్న: నా కారును నేనే అద్దెకు నడుపుకుంటూ బతుకుతున్నాను. దారి చూపే పటాలు, ముందు వెనుక కెమెరాల రికార్డింగు, రోజువారీ లెక్కలు ఒకేచోట ఉంటాయని ఎనిమిది నెలల క్రితం కారులో చిన్న కంప్యూటర్ పెట్టించాను. దాని మదర్‌బోర్డును (భాగాలన్నీ అమర్చే ముఖ్యమైన బోర్డు) ఒక దుకాణంలో కొన్నాను. బిల్లు, మూడేళ్ల వారంటీ కార్డు ఉన్నాయి. బిగించింది వేరొకరు. వారు చేతిరాత రసీదు ఇచ్చారు. రెండు నెలలుగా ఇంజను స్టార్టు చేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఆగి, మళ్లీ మొదలవుతూ వచ్చింది. ఇప్పుడు ఫ్యాను తిరుగుతోంది గాని తెరమీద ఏమీ రావడం లేదు. వాహనంలో వాడారు కనుక వారంటీ వర్తించదని దుకాణదారు అంటున్నారు. బోర్డే చెడ్డదని బిగించినతను అంటున్నారు. వైరింగు ముట్టుకున్నారు కనుక కారు ఎలక్ట్రికల్ వారంటీ కూడా పోయిందని సర్వీసు సెంటరు వారు చెబుతున్నారు. బోర్డు విప్పి బాగు చేయించుకోవాలా, కేసు వేయాలా?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ బోర్డు మీద ఎవరితోనూ సోల్డరింగు చేయించకండి. బాగు చేయించాలన్న తొందర మీకు ఉండడం సహజం, బండి ఆగితే రోజు గడవదు. కానీ ఇప్పుడు మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం ఆ బోర్డే. దానిమీద కెపాసిటర్ వంటి ఒక్క చిన్న భాగం మార్చినా, రేపు వినియోగదారుల కమిషన్ ముందు అవతలివారు లేవనెత్తే మొదటి అభ్యంతరం అదే అవుతుంది. అలాగని ముట్టుకోకుండా మూలన పడేస్తే లోపం ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. పరీక్ష జరగాలి, సాక్ష్యం చెడకూడదు. మీ కేసు ఈ రెంటినీ మీరు ఎలా కలుపుతారన్నదాని మీదే ఆధారపడి ఉంది.

మీరు రాసిన ఒక్క వాక్యం నాకు చాలా విలువైనదిగా కనిపించింది: ఇంజను స్టార్టు చేసిన ప్రతిసారీ ఆగేది. ఇలాంటి చిన్న బోర్డుల్లో చాలావరకు ఇంట్లో, ఆఫీసులో నిలకడగా అందే కరెంటును దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటికి చేరే 12, 5, 3.3 వోల్టుల సరఫరాలో ఐదు శాతానికి మించి హెచ్చుతగ్గులు ఉండకూడదు. కారులో పరిస్థితి వేరు. మనం 12 వోల్టుల బ్యాటరీ అంటాం గాని, పూర్తి ఛార్జితో ఖాళీగా ఉన్నప్పుడు అది 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజను తిరుగుతూ ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తున్నప్పుడు 14 వోల్టుల చుట్టుపక్కలకు చేరుతుంది. సెల్ఫ్ మోటారు తిరిగే ఆ క్షణంలో ఎనిమిది వోల్టులకు, బ్యాటరీ బలహీనంగా ఉంటే అంతకన్నా కిందికీ పడిపోవచ్చు. ఈ ఒడిదుడుకులను తట్టుకోవడానికే బ్యాటరీకి, బోర్డుకి మధ్య వాహనాలకు ప్రత్యేకంగా చేసిన పవర్ సప్లై పెట్టాలి. ఆరు వోల్టుల నుంచి ముప్ఫై వోల్టుల దాకా ఏది వచ్చినా బోర్డుకు మాత్రం సమంగా అందించే రకాలు ఉన్నాయి. అలాంటిది పెట్టకపోయినా, పెట్టినదాని ఎర్త్ తీగను పెయింటు పూసిన రేకు మీద బిగించినా, కంప్యూటర్ సరిగ్గా స్టార్టు చేసినప్పుడే ఆగిపోతుంది.

అంటే మీ రెండు నెలల అనుభవం బోర్డు కన్నా సరఫరా వైపే ఎక్కువగా వేలు చూపుతోంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తుండగా బ్యాటరీ టెర్మినల్ వదులై విడివడితే, ఆ తీగల్లో వోల్టేజి ఒక్కసారిగా పదుల వోల్టులు పైకి ఎగసి, రక్షణ లేని బోర్డును కాల్చేయగలదు. కాబట్టి ఇవాళ మీ బోర్డు నిజంగానే పాడైపోయి ఉండవచ్చు, అయినా తప్పు బోర్డుది కాకపోవచ్చు.

చట్టంలో ఈ తేడా చాలా ముఖ్యం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం వస్తులోపం అంటే ఆ వస్తువుకు ఉండవలసిన నాణ్యత, ప్రమాణం, సామర్థ్యం వంటివాటిలో కొరత. పాడైన ప్రతి వస్తువూ లోపమున్న వస్తువు కాదు. చెడ్డ కరెంటు తగిలి కాలిన మంచి బోర్డు విషయంలో దుకాణదారు మీద వస్తులోపం కేసు నిలవదు. అప్పుడు అది బిగించినవారి సేవాలోపం, సెక్షన్ 2(11) కిందికి వస్తుంది. సేవాలోపాన్ని నిరూపించే భారం ఫిర్యాదుదారుదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పాడైపోయింది అని చెప్పి ఊరుకుంటే చాలదు. ఎందుకు పాడైందో చూపాలి.

పరీక్ష ఎలా చేయించాలో చెబుతాను. దుకాణదారుకు, బిగించినతనికి ఇద్దరికీ ఒకే ఉత్తరం రాయండి. ఫలానా తేదీన, ఫలానా చోట, మీ ఇద్దరితో సంబంధం లేని సాంకేతిక నిపుణుడి చేత పరీక్ష చేయిస్తున్నాను, మీరు లేదా మీ మనిషి హాజరు కావచ్చు అని తెలపండి. కనీసం వారం గడువు ఇచ్చి రిజిస్టర్డ్ పోస్టులోనూ, ఈమెయిల్లోనూ పంపండి. వారు రాకపోయినా ఫరవాలేదు. పిలిచినా రాలేదన్నది మీకే బలం.

ఆ రోజు బోర్డును విప్పకముందే కారులో కొలతలు తీయించండి. పవర్ సప్లైకి చేరే తీగల దగ్గర మల్టీమీటర్ పెట్టి ఇంజను స్టార్టు చేయాలి. మామూలు మీటరు ఆ క్షణకాలపు పతనాన్ని పట్టుకోలేకపోవచ్చు, కనిష్ఠాన్ని పట్టి ఉంచే సదుపాయం ఉన్న మీటరు తెమ్మని నిపుణుడికి ముందే చెప్పండి. బ్యాటరీ నెగెటివ్‌కి, కంప్యూటర్ ఎర్త్ బిగించిన చోటుకి మధ్య కూడా కొలవమనండి. కంప్యూటర్‌కు కరెంటు వెళ్తున్నప్పుడు అక్కడ దాదాపు సున్నా రావాలి. ఒక వోల్టు కనిపించిందంటే ఎర్త్ సరిగ్గా బిగించలేదన్నమాట. పవర్ సప్లై నుంచి బోర్డుకు వెళ్లే వోల్టేజీలను కూడా స్టార్టు చేసేటప్పుడు, ఇంజను నడుస్తున్నప్పుడు రాయించండి. దానిమీద ముద్రించిన మోడల్, ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందన్న వివరం ఫొటో తీయండి.

తర్వాత బోర్డును బయటికి తీసి, బల్లమీద మామూలు డెస్క్‌టాప్ పవర్ సప్లైతో నడిపి చూడాలి. డిస్కు, కెమెరాలు, అదనపు కార్డులు అన్నీ తీసేసి ప్రాసెసర్, ఒక్క ర్యామ్ (మెమరీ), తెర మాత్రమే ఉంచాలి. తెర రాకపోతే ర్యామ్ మార్చి చూడాలి, తెర తీగ మార్చి చూడాలి, బోర్డు మీది మూడు వోల్టుల నాణెం బ్యాటరీని కొలవాలి, బయాస్ (బోర్డు మొదలయ్యేటప్పుడు నడిచే ప్రోగ్రాము) సెట్టింగులను బోర్డు మీది జంపర్ అనే చిన్న క్లిప్పుతో మొదటికి తేవాలి. ఫ్యాను తిరుగుతూ తెర రాకపోవడానికి అటూ ఇటూ కుదుపులకు కాస్త పైకి లేచిన ర్యామ్ కూడా కారణం కావచ్చు. అదే నిజమైతే మీకు కేసే అక్కర్లేదు. ఇవేవీ బోర్డును మార్చే పనులు కావు, అందుకే చేయవచ్చు. ఉబ్బిన కెపాసిటర్, నల్లబడిన మచ్చ కనిపిస్తే దగ్గరగా ఫొటో తీసి అక్కడితో ఆగిపోండి.

మొత్తం తతంగాన్ని మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. బోర్డు సీరియల్ నంబరు, బిల్లులోని నంబరు పక్కపక్కన కనిపించాలి. ఆ వీడియో తీసిన ఫోనును అమ్మేయకండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రం జత చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టపు సూత్రాలను కోర్టులంత కఠినంగా పట్టించుకోకపోయినా, జత చేస్తే ఆ అభ్యంతరానికి చోటుండదు. డిస్కును ఫార్మాట్ చేయవద్దు. అకస్మాత్తుగా ఆగిన ప్రతిసారీ తేదీ, సమయం ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుని ఉంటుంది. రెండు నెలల ఆ చిట్టా మీ నోటిమాట కన్నా చాలా గట్టిది.

బల్లమీద బోర్డు చక్కగా పనిచేస్తే దుకాణదారును వదిలేయండి. మీ ఫిర్యాదు బిగించినవారి మీదే. చేతిరాత రసీదేనని దిగులు పడకండి. డబ్బు తీసుకుని పని చేశారన్నది రుజువైతే చాలు. బిల్లు ఇవ్వకపోవడం కూడా సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే.

బల్లమీద కూడా పనిచేయక, కారులోని కొలతలు మాత్రం సవ్యంగా ఉంటే, దుకాణదారు, తయారీదారు జవాబు చెప్పాలి. వాహనంలో వాడితే వర్తించదన్న షరతు ఎక్కడ రాసి ఉందో చూపమని అడగండి. వారంటీ కార్డులో మీరు కొన్ననాడే ఉందా, లేక ఇప్పుడు నోటితో చెబుతున్నారా? ఇక్కడ వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16ను చూడాలి. ఏ అవసరానికి కొంటున్నారో మీరు చెప్పి, అమ్మేవారి నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, ఆ వస్తువు ఆ అవసరానికి తగి ఉండాలన్నది చట్టం తనంతట తాను విధించే షరతు. ఈ చిన్న బోర్డు కారుకు సరిపోతుంది అని దుకాణదారు పంపిన ఒక్క సందేశం మీ ఫోనులో ఉంటే కేసు స్వరూపమే మారుతుంది. అయితే ఫలానా కంపెనీ ఫలానా మోడలే కావాలని మీరే పేరు పెట్టి అడిగి కొని ఉంటే, అదే సెక్షన్లోని మినహాయింపు ప్రకారం ఆ షరతు మీకు అక్కరకు రాదు. అప్పుడు వారంటీ కార్డులోని మాటల మీదనే నిలబడాలి. పాత సందేశాలన్నీ ఈ దృష్టితో ఒకసారి చదవండి.

బోర్డూ చెడి, కారులో కొలతలూ తప్పుగా ఉంటే ఇద్దరినీ ఒకే ఫిర్యాదులో ప్రతివాదులుగా చేర్చి, బోర్డును ప్రయోగశాలకు పంపమని సెక్షన్ 38(2)(సి) కింద అభ్యర్థించండి. కమిషన్ దానికి సీలు వేసి పంపుతుంది. ప్రయోగశాల 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, గడువును కమిషన్ పొడిగించవచ్చు. పరీక్ష ఫీజును ముందుగా మీరే జమ చేయాలి. మీరు సోల్డరింగు చేయించకుండా ఉంచిన బోర్డుకు అసలు విలువ వచ్చేది అక్కడే.

అద్దెకు నడిపే కారు కదా, మీరు వినియోగదారు కారని అవతలి న్యాయవాది తప్పక అంటారు. సెక్షన్ 2(7) వివరణ చదివి వినిపించండి. సొంతంగా పనిచేసుకుంటూ జీవనోపాధి కోసమే కొని వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. ఈ మాట ఫిర్యాదులోనే, మొదటి పేరాల్లోనే స్పష్టంగా రాయాలి, తర్వాత వాదనల్లో చెబుదామని వదిలేయకూడదు. నాలుగైదు కార్లు పెట్టి డ్రైవర్లతో నడిపించేవారికి ఈ రక్షణ దొరకడం కష్టం.

ఫిర్యాదు మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్ పరిధి, ఐదు లక్షల లోపు అయితే దాఖలు ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయవచ్చు. అంతకుముందు 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే కొన్నిసార్లు దుకాణదారు అక్కడే దిగివస్తారు. లాయరు నోటీసు చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, అయినా పంపమనే చెబుతాను. గడువు రెండేళ్లు. ఉత్తరాలు రాసుకుంటూ, సర్వీసు సెంటరు చుట్టూ తిరుగుతూ గడిపిన కాలం ఆ గడువును పొడిగించదు. జాగ్రత్త కోసం మీరు కంప్యూటర్ బిగించిన తేదీ నుంచే లెక్క వేసుకోండి.

పరిహారంలో బోర్డు ధర, బిగింపు ఖర్చు, పరీక్ష ఖర్చు అడగండి. పోయిన రాబడి కూడా అడగవచ్చు గాని, ముందరి నెలల లెక్కలు చూపగలిగినంత వరకే. పెంచి రాసిన అంకె నిజమైన నష్టాన్ని కూడా అనుమానంలో పడేస్తుంది.

కారు వారంటీ సంగతి వేరుగా చూడాలి. సర్వీసు సెంటరు వారి మాటను కాగితం మీద రాసి ఇమ్మనండి. ఏ షరతు కింద, ఏ భాగానికి నిరాకరిస్తున్నారో చెప్పమనండి. అదనపు వైరింగు వల్ల కలిగిన నష్టానికి వారంటీ లేదనడం ఒకటి, దానితో సంబంధం లేని భాగాలకూ లేదనడం మరొకటి. మొదటిది షరతుల్లో ఉంటే చెల్లవచ్చు, రెండోదాన్ని ప్రశ్నించాలి. ఇక బీమా: మామూలు మోటారు పాలసీలో విద్యుత్ సంబంధ బ్రేక్‌డౌన్ మినహాయింపుల్లో ఉంటుంది కాబట్టి ఈ బోర్డుకు అది ఉపయోగపడదు. ముందుముందు కోసం, తర్వాత పెట్టించిన ఎలక్ట్రానిక్ పరికరాలను పాలసీలో విడిగా చూపించి ప్రీమియం కట్టండి.

ఉత్తరం ఈ వారంలోనే పంపండి. పరీక్ష రోజు వచ్చేదాకా కంప్యూటర్‌కు వెళ్లే ఫ్యూజు తీసి ఉంచండి. లేకపోతే ఆగిపోయినట్టున్న బోర్డు కూడా కారు బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తూ ఉంటుంది, పరీక్షనాడు బలహీనమైన బ్యాటరీతో తీసిన కొలతలను అవతలివారు ఒప్పుకోరు. తీసిన ఫ్యూజు మీద ఎన్ని ఆంపియర్లని ఉందో ఫొటో తీసి, దాన్ని కవరులో వేసి, పైన తేదీ రాసి బిల్లుతోపాటు దాచండి. కొలతలు తీసేనాడు ఆ ఫ్యూజునే తిరిగి పెట్టాలి.