వానలు వెనకబట్టే వేళ పూలతోటలో కత్తెర ఎప్పుడు పట్టాలి?

రైతు సందేహాలు – నిపుణుల సలహాలు

ప్రశ్న: నమస్కారం సార్. మాది సిద్దిపేట జిల్లా, ఎర్ర చల్క నేల. ఇంటి ముందర అయిదు గుంటల జాగాలో ఇష్టం కొద్దీ పూలతోట పెంచుకుంటున్నాను. 40 దాకా గులాబీలు, ప్రహరీ వెంట చామంతి, రెండు ముద్ద మందారాలు, ఒక మల్లె పందిరి, కొంచెం లాన్ ఉన్నాయి. వానలకు గులాబీ ఆకుల మీద నల్ల మచ్చలు వచ్చి, పండి రాలిపోతున్నాయి. పోయినేడు వినాయక చవితి కాగానే కొమ్మలు కత్తిరిస్తే, కోసిన చోటు నుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ వచ్చి ఆరు చెట్లు చచ్చిపోయాయి. ఈసారి ఎప్పుడు కోయాలి? ఇంకో సంగతి: పోయినేడు దొడ్డి వైపు చామంతి దీపావళి దాటగానే పూసింది. గేటు వైపు చామంతి సంక్రాంతి వచ్చినా అరకొరగానే పూసింది. ఒకే నారు, ఒకే ఎరువు, ఒకే నీళ్లు. మందారానికి తెల్లటి పిండిలాంటి పురుగు పట్టింది. చలికాలానికి ఏ పూల విత్తనాలు వేసుకోవచ్చో, లాన్‌లో తుంగ ఎట్లా పోతుందో కూడా చెప్పగలరు. ఫొటోలు పంపుతున్నాను.
– ఒక మహిళా రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: అమ్మా, ఆరు గులాబీలు పోయాయని చదివితే మనసు చివుక్కుమంది. చెట్టుకు మీరు చేసిన లోటేమీ లేదు, కోసిన తేదీ ఒక్కటే తప్పింది. వినాయక చవితి నాటికి మన దగ్గర ఇంకా వానలు పడుతూనే ఉంటాయి. కోసిన కొమ్మ కొన పచ్చి పుండు లాంటిది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ పుండు ఆరదు. శిలీంధ్రం అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. మీరు చూసిన నలుపు అదే, దాన్ని ఎండుకొమ్మ తెగులు అంటాం. అంటు కట్టిన చోటు దాకా దిగిందంటే ఇక ఆ చెట్టు మీద ఆశ వదులుకోవలసిందే.

అందుకని ఇప్పుడే కత్తెర పట్టకండి. హస్త కార్తె పోనివ్వండి. చిత్త కార్తెలో, అంటే అక్టోబరు రెండో వారం దాటాక, వరుసగా నాలుగైదు రోజులు పొడిగా ఉన్నాయనుకున్నప్పుడు మొదలుపెట్టండి. తెలంగాణ నుంచి నైరుతి రుతుపవనాలు మామూలుగా ఆ రోజుల్లోనే వెనక్కి మళ్లుతాయి. అక్టోబరు 15-20 మధ్య కోస్తే సుమారు 45 రోజులకు, డిసెంబరు మొదటి వారంలో, చలికి రంగు తేలిన పెద్ద పూలు చూస్తారు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు చదువరులకు ఈ తేదీలు పనికిరావు. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి కాబట్టి, ఇప్పటికి ఎండుపుల్లలు మాత్రం తీసేసి పెద్ద కత్తిరింపును వానలు పోయేదాకా ఆపుకోవాలి.

అంతవరకు ఊరికే కూర్చోమని కాదు. నల్లమచ్చ తెగులు పని ఇప్పుడే పట్టాలి. ఈ తెగులు రాలిన ఆకుల్లో బతికి, చినుకు పడ్డప్పుడు నీటి తుంపరతో ఎగిరి కింది ఆకులకు అంటుకుంటుంది. ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉంటే చాలు, మచ్చ పడుతుంది. చెట్ల కింద రాలిన ఆకులన్నీ ఏరి కాల్చేయండి, పెంటకుప్పలో మాత్రం వేయకండి. మచ్చ ఉన్న కింది ఆకులు తుంచేయండి. లీటరు నీటికి మాంకోజెబ్ అనే తెగులు మందు 2.5 గ్రాములు కలిపి, ఆకు అడుగు భాగం కూడా తడిసేలా పిచికారీ చేయండి. పది రోజుల తర్వాత లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్‌తో మార్చి కొట్టండి. నీళ్లు పాదుకే పెట్టండి, పైపుతో ఆకుల మీద చల్లే అలవాటు ఉంటే మానండి. ఇంకో మాట: బతుకమ్మకు పూలు కోసే తోట కాబట్టి, పండుగకు పది రోజుల ముందే మందులు ఆపండి. పిల్లలు ఆ పూలను ఒళ్లో పోసుకుని కూర్చుంటారు.

ఇక కత్తిరింపు. వారం ముందు నుంచి నీళ్లు ఆపండి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెరతో కొమ్మ నలిగితే ఆ నలిగిన చోటే తెగులు మొదలవుతుంది. తెగులు ఉన్న చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లే ముందు స్పిరిట్ ముంచిన గుడ్డతో బ్లేడు తుడవండి. ముందుగా ఎండిన కొమ్మల మీద కత్తెర పెట్టండి. ఒక కొమ్మ కోసి, కోత ముఖం ఎండ వైపు తిప్పి చూడండి. నడుమ బెండు (కొమ్మ లోపలి మెత్తని భాగం) తెల్లగా లేదా లేత ఆకుపచ్చగా ఉంటే అక్కడ ఆపొచ్చు. బెండులో గోధుమ రంగు చుక్క కనిపించినా తెగులు ఇంకా కిందికి ఉన్నట్టే. మరో రెండంగుళాలు కిందికి కోసి మళ్లీ చూడండి. బెండు తెల్లగా కనిపించేదాకా అట్లా దిగుతూనే ఉండండి. పోయినేడు చచ్చిన ఆరు చెట్లలో కొన్నయినా ఈ ఒక్క పనితో దక్కి ఉండేవి.

పెన్సిలు కంటే సన్నని పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, నాలుగైదు బలమైన కొమ్మలు ఉంచండి. పెద్ద పూల రకాలైతే నేల నుంచి అడుగున్నర ఎత్తున కోయండి. బయటి వైపు చూసే కన్నుకు (చిగురు మొలిచే చోటుకు) పావు అంగుళం పైన, కన్ను వెనక్కి వాలేలా ఏటవాలుగా కోత పడాలి. అప్పుడు కొత్త చిగురు బయటికి సాగుతుంది, చెట్టు నడుమకు గాలి వెలుతురు అందుతాయి. ఏడాది నిండని మొక్కలకు, చిట్టి గులాబీలకు, నాటు గులాబీలకు ఇంత లోతు కోత వద్దు, పైపైన సవరిస్తే చాలు. అంటు కింది నుంచి వచ్చే పిలకలను పైన కోస్తే ఇంకా గుబురుగా వస్తాయి. మట్టి తీసి, పుట్టిన చోట పట్టుకుని వేరు నుంచి చీల్చేయాలి. ఫొటోలో ఎడమ చివరి చెట్టుకు అట్లాంటిది ఒకటి కనిపిస్తోంది, ఆకు చిన్నగా, రంగు తేడాగా ఉంది.

కోసిన రోజే కొనలకు బోర్డో పేస్టు పూయండి. ఇంట్లోనే చేసుకోవచ్చు: 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో వేరువేరుగా ప్లాస్టిక్ డబ్బాల్లో కలిపి, మైలుతుత్తం నీళ్లను సున్నంలో పోస్తూ కలియబెట్టాలి. మెరిసే ఇనుప మేకు ముంచి తీస్తే ఎర్రటి పూత పట్టకూడదు. పడితే ఇంకొంచెం సున్నం వేయండి. ఆ రోజు చేసినది ఆ రోజే వాడాలి. కోతలన్నీ అయ్యాక చెట్టు మొత్తం తడిసేలా లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేస్తే మంచిది.

పాదు తవ్వి వేర్లు ఎండకు పెట్టే పాత పద్ధతి మీ వైపు ఇంకా ఉంది. మీది చల్క నేల, తేమ తొందరగా ఆరిపోతుంది. అందుకే అడుగు దూరం వదిలి పై ఆరంగుళాల మట్టి తీసి, రెండు మూడు రోజులకు మించి ఉంచకండి. తర్వాత చెట్టుకు 5 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి మట్టిలో కలిపి పూడ్చి నీళ్లు పెట్టండి. కెమికల్ ఎరువుకు తొందరపడొద్దు. ఎనిమిది పది రోజులకు కన్ను ఎర్రగా ఉబ్బి చిగురు కనిపిస్తుంది, అప్పుడు చెట్టుకు 50 గ్రాముల 17:17:17 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు) వేసి నీళ్లివ్వండి.

చామంతి సంగతి చదివి, ఫొటోలు మళ్లీ మళ్లీ చూశాను. మూడో ఫొటోలో గేటు స్తంభం మీద ఎల్ఈడీ లైటు ఉంది. అది రాత్రంతా వెలుగుతుందనుకుంటాను. మీ చామంతి పూయకపోవడానికి కారణం దాదాపుగా అదే. చామంతి రాత్రి నిడివిని బట్టి మొగ్గ తొడుగుతుంది. జూన్‌లో మన దగ్గర పగలు 13 గంటలకు పైనే ఉంటుంది. సెప్టెంబరు 22-23 నాటికి పగలు రాత్రి ఇంచుమించు సమానమై, ఆ తర్వాత రాత్రి పొడుగవుతూ పోతుంది. పొడుగు రాత్రులు వరుసగా దొరికితేనే చామంతి ఆకు పెంచడం ఆపి మొగ్గకు మళ్లుతుంది. నడుమ వెలుగు పడితే, ఒక పొడుగు రాత్రిని రెండు చిన్న రాత్రులుగా లెక్కేసుకుని ఇంకా ఎండాకాలమే అనుకుంటుంది. పాలీహౌస్‌లలో చామంతి పండించే రైతులు, కాడ పొడుగు రావడానికి మొదటి నాలుగు వారాలు రాత్రి 10 నుంచి 2 దాకా కావాలనే బల్బులు వేస్తారు. మీ గేటు లైటు తెలియకుండానే అదే పని చేస్తోంది. దొడ్డి వైపు చీకటి కాబట్టి అక్కడి చామంతి వేళకు పూసింది.

పాము భయం, దొంగల భయం ఉన్న ఇంట్లో లైటు తీసేయమని చెప్పలేను. ఆ లైటుకు మూడు వైపులా రేకు తొడుగు వేయించి వెలుగు దారి మీదికే పడేలా తిప్పండి. లేదా మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ లైటు పెట్టండి. చీకటి పడ్డాక గేటు దగ్గరి చామంతి పక్కన నిలబడి చూడండి: ఆకు మీద మీ చేతి నీడ స్పష్టంగా పడుతుంటే వెలుగు ఇంకా ఎక్కువే. అక్టోబరు మొదటి వారంలో సరిచేస్తే, రకాన్ని బట్టి 8 నుంచి 10 వారాలకు, డిసెంబరులో, గేటు వైపు కూడా విరగబూస్తుంది. చలికాలంలో పై ఆకులు ఎర్రబడే పాయిన్‌సెటియా కుండీలు ఉంటే వాటినీ ఇట్లాగే చీకటి మూలకు జరపండి.

చామంతికి తలలు తుంచే రోజులు అయిపోయాయి. ఇప్పుడు తుంచితే మొగ్గలే పోతాయి. ఒరిగిన మొక్కలకు కర్ర పాతి, పురికొస వదులుగా కట్టండి. యూరియా వేయకండి.

మందారానికి పట్టింది పిండినల్లి. కొమ్మ మీద చీమల బారు ఉందా చూడండి. పిండినల్లి విడిచే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసుకుపోతాయి కూడా. ముడుచుకుపోయిన కొనలను కోసి సంచిలో వేసి కాల్చండి. మిగతా చోట్ల పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి పురుగును రాల్చండి. మర్నాడు సాయంత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. వారం తర్వాత మళ్లీ కొట్టండి. కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. పిండినల్లి గుంపులో కొంచెం పెద్దగా, తెల్లటి మైనపు పోగులతో, చురుగ్గా నడిచే పురుగు కనిపిస్తే అది పిండినల్లి కాదు, దాన్ని తినే అక్షింతల పురుగు పిల్ల. దాని పేరు క్రిప్టోలీమస్, 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చినది. అసలు పిండినల్లి ఇంత చురుగ్గా నడవదు. ఆ పిల్లలు కనిపించిన కొమ్మకు ఏ మందూ కొట్టకండి.

విత్తనాలకు ఇదే అదను. పెట్యూనియా, ఫ్లాక్స్, డయాంథస్, సాల్వియా, ఆస్టర్, కాలెండ్యులా ఇప్పుడు నారు పోస్తే నాలుగు వారాలకు నాటుకోవచ్చు. పెట్యూనియా విత్తనం దుమ్ములా ఉంటుంది, గ్రాముకు దాదాపు 10,000 గింజలు. సన్నని ఇసుకలో కలిపి చల్లి, పైన మట్టి కప్పకుండా అరచేత్తో మెల్లగా అదిమితే చాలు. నేలకు అరడుగు ఎత్తు మడి కట్టండి. పల్లపు మడిలో నారుకుళ్లు వచ్చి రాత్రికి రాత్రి నారంతా కాండం దగ్గర మెత్తబడి పడిపోతుంది. కనిపించిన వెంటనే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడపండి. సంక్రాంతికి బంతి కావాలంటే అక్టోబరు 10 లోపు నారు పోయండి. నస్టర్షియం, స్వీట్ పీ మాత్రం నేరుగా పాదులోనే విత్తాలి, పీకి నాటితే సరిగా అందుకోవు.

లాన్‌లో తుంగను పైన పీకితే నేలలోని గడ్డ నుంచి మళ్లీ మొలుస్తుంది. వాన పడి నేల మెత్తగా ఉన్న ఈ రోజుల్లోనే సన్నని గునపంతో గడ్డతో సహా తీయాలి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టమని ఎవరైనా చెప్తే వినకండి, తుంగతో పాటు మీ గడ్డి కూడా మాడుతుంది. రాత్రులు బాగా చల్లబడకముందే 100 చదరపు మీటర్లకు 1 కిలో యూరియా చల్లి వెంటనే నీళ్లు పెట్టండి.

మల్లె పందిరిని మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. గులాబీ కోస్తున్న ఊపులో దాన్నీ కోసేసేవాళ్లను చాలామందిని చూశాను. మల్లెకు కత్తిరింపు డిసెంబరు-జనవరిలో, నీళ్లు ఆపి ఆకు రాల్చాక. అప్పటికి పందిరి ఫొటో ఒకటి పంపండి, ఎక్కడ కోయాలో గీత గీసి పంపిస్తాను.