ఒంటి మీదకన్నా ఉతుకులోనే ఎక్కువ అరుగుతాయి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

కొన్న ఏడాదికే బట్టలు వెలిసి, సాగి, నూగు లేచి పాతబడిపోతున్నాయని, ఈమధ్య వచ్చే గుడ్డలో పస లేదని రాశావు. అది కొంతవరకు నిజమే కావచ్చు. కానీ ముప్ఫై ఏళ్లకు పైగా కుట్టుమిషను ముందు కూర్చుని, కొత్తవి కుట్టడంకన్నా పాతవాటిని బాగుచేయడమే ఎక్కువగా చేసిన నాకు తెలిసినది ఒకటుంది: చాలా బట్టలు ఒంటి మీదకన్నా ఉతుకులోనూ ఆరబెట్టడంలోనూ ఎక్కువగా అరుగుతాయి. డ్రైయర్ వాడుతున్నానన్నావు కదా, దాని జల్లెడలో ప్రతిసారీ పోగయ్యే మెత్తటి నూగును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. అందులో అధికభాగం నీ బట్టల్లోంచి ఊడివచ్చిన పోగులే.

కాబట్టి విడిచిన ప్రతి బట్టనూ ఆలోచించకుండా మెషిన్‌లో వేయకు. లోదుస్తులు, మేజోళ్లు, చెమట పట్టిన చొక్కాలు వెంటనే ఉతకవలసినవే. జీన్సు, కోటు, స్వెటరు మాత్రం రాత్రంతా గాలి తగిలేలా ఆరవేసి మళ్లీ వేసుకోదగినవి. మరక ఒక్కచోటే పడితే ఆ చోటు మాత్రమే తడిపి తీసెయ్యి. అది రక్తపు మరక అయితే చన్నీళ్లే వాడు. వేడినీళ్లు తగిలితే అందులోని ప్రోటీను గడ్డకట్టి పోగుకు అతుక్కుపోతుంది.

ఉతికేముందు చొక్కాలనూ ప్యాంట్లనూ లోపలివైపు పైకి వచ్చేలా తిప్పాలి, అప్పుడు రాపిడి కనబడని వైపు పడుతుంది. జిప్పులు, హుక్కులు మూసి ఉంచు, లేకపోతే వాటి పళ్లు పక్క బట్టను పట్టి లాగుతాయి. చొక్కా గుండీలు మాత్రం విప్పి వేయి, పెట్టి ఉంచితే కాజాలు సాగి చిరుగుతాయి. సబ్బుపొడి ఎక్కువ వేస్తే బట్ట ఎక్కువ శుభ్రపడుతుందనుకోవడం పొరపాటు. జాడింపులో పోని సబ్బు పోగుల మధ్యే మిగిలిపోయి, గుడ్డ బిరుసెక్కి, మురికిని ఇంకా త్వరగా పట్టుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ గుడ్డ స్వభావం ఏమిటో తెలుసుకోవాలి. నూలు పోగు తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది, అందుకే అది ఎంత ఉతుకునైనా ఓర్చుకుంటుంది. రేయాన్ అందుకు పూర్తిగా విరుద్ధం: తడిస్తే బలం చాలావరకు కోల్పోతుంది కనుక దాన్ని మెలిపెట్టి పిండకూడదు. ఉన్ని కూడా తడిలో బలహీనపడుతుంది. పైగా దాని పోగు మీద కంటికి కనబడని సన్నని పొలుసులు ఉంటాయి. వేడి, తడి, కుదుపు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట ముడుచుకుపోతుంది, తర్వాత ఎంత లాగినా మునుపటి కొలతకు రాదు. కొత్తలో నేను మా అమ్మ స్వెటరును వేడినీళ్లలో రుద్ది ఉతికి, చిన్నపిల్లకు కూడా పట్టనంతగా చేశాను. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు, అందుకే ఈ విషయం ఇంత వివరంగా రాస్తున్నాను. పట్టూ ఉన్నీ రెండూ ప్రోటీనుతో తయారైన పోగులు. క్లోరిన్ బ్లీచ్ వాటిని తినేస్తుంది. మరకలు పోగొట్టడానికి ఎంజైములు కలిపిన సబ్బుపొడులు కూడా వాటికి హాని చేయవచ్చు. వాటికోసం తేలికపాటి ద్రవ సబ్బును విడిగా ఉంచుకో.

లోపల కుట్టిన చిన్న లేబుల్‌ను గుచ్చుకుంటోందని కత్తిరించి పారేయకు. అందులో నీళ్ల తొట్టి బొమ్మలోని అంకె, ఆ బట్ట ఓర్చుకోగల అత్యధిక వేడిని సెల్సియస్‌లో చెబుతుంది. ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే 110 డిగ్రీలు, రెండుంటే 150, మూడుంటే 200 దాటకూడదని అర్థం.

ఆరవేయడానికి వీలున్నప్పుడల్లా డ్రైయర్ మానేసి, రంగు బట్టలను నీడలో వేయి, ఎందుకంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును వెలిసేలా చేస్తాయి, పట్టు పోగునైతే పెళుసు కూడా చేస్తాయి. సాగే గుడ్డలకు వేడే పెద్ద శత్రువు. తడి స్వెటరును తీగ మీద వేలాడదీస్తే తన నీటి బరువుకే సాగిపోతుంది. తువ్వాలు మీద పరిచి, ఆకారం సరిచేసి ఆరనివ్వు. ఆరిన తర్వాత కూడా దాన్ని హ్యాంగర్‌కు తగిలించకుండా మడతపెట్టే ఉంచు.

కొన్ని నెలలపాటు వాడని బట్టలను ఉతకకుండా పెట్టెలో పెట్టకు. ఉన్నినీ పట్టునూ కొరికేది చిమ్మెట కాదు, దాని పిల్లపురుగు. చెమటా జిడ్డూ ఉన్న చోటును అది వెతుక్కుని మరీ తింటుంది. గంజి పెట్టినవి కూడా దాచవద్దు, గంజికి వేరే పురుగులు చేరతాయి. కలరా ఉండలు వేస్తే అవి బట్టకు నేరుగా తగలకుండా, పిల్లలకు అందకుండా చూసుకో. వాటి ఆవిరి మంచిది కాదు కనుక తీసిన బట్టలను బాగా గాలికి ఆరబెట్టిన తర్వాతే తొడుక్కో.

నీ ఉన్ని స్వెటరు మోచేతి దగ్గర చిరిగిందని, ఉతికిన తర్వాత కుట్టిస్తానని రాశావు. ఆ క్రమాన్ని తిరగెయ్యి. అల్లిక బట్టలో ఒక్క కన్ను తెగినా ఉతుకులో దాని పక్కవీ వరుసగా జారిపోతాయి. ఈరోజే అదే రంగు దారంతో చిరుగు చుట్టూ, తెగకుండా ఉన్న కళ్లను పట్టుకుంటూ వదులుగా ఒక వరుస కుట్టు వేసి, ఉతకకుండానే నాకు పంపు. దాన్ని నేను రఫూ చేసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ